పొట్ట మీద ఎర్రచుక్కలు: ఒక విద్యార్థిని ప్రశ్నకు జవాబు

కుక్కపిల్ల పొట్ట మీద గుండుసూది తలంత ఎర్రచుక్కలు కనిపిస్తే వాటిని తామర అనుకోనక్కర్లేదు. తామరకు వెంట్రుకలు రాలిన గుండ్రటి మచ్చ, దాని మీద పొట్టు ఉంటాయి. చెదురుమదురు చుక్కల సంగతి వేరు. మందుల షాపుకు పరుగెత్తే ముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. మైక్రోస్కోపు స్లైడు గానీ, గాజుగ్లాసు గానీ చుక్క మీద ఆనించి మెల్లగా నొక్కి, గాజులోంచి చూడాలి. ఎరుపు మాయమైతే రక్తం ఇంకా నాళాల్లోనే ఉన్నట్టు: పురుగుకాటు, అలర్జీ, లేదా చీముపొక్కు తొలిదశ కావచ్చు. నొక్కినా ఎరుపు చెక్కుచెదరకపోతే రక్తం నాళం దాటి చర్మంలోకి వచ్చేసినట్టే.

అప్పుడు 'రెండు రోజులు ఆగి చూద్దాం' అనడం కూడదు. తెలుగునాట వేడికి కుక్కపిడుదులు ఏడాది పొడవునా బతుకుతాయి. అవి కుట్టినప్పుడు ఎర్లిక్యా కేనిస్ అనే బాక్టీరియా తెల్లరక్తకణాల్లో చేరుతుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. సన్నని నాళాల నుంచి ఊరిన రక్తమే ఆ చుక్కలు. చర్మంతో ఆగకుండా పై పెదవి ఎత్తి చిగుళ్లూ చూడాలి, చెవి లోపలి వైపూ చూడాలి. అక్కడా చుక్కలున్నా, ముక్కు నుంచి రక్తం కారినా, విరేచనం నల్లగా అయినా, చిగుళ్లు పాలిపోయినా అది అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లవలసిన స్థితి. డాక్టరు రక్తం తీసి ప్లేట్‌లెట్లు లెక్కిస్తారు. ఎర్లిక్యా అని తేలితే డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు వాడతారు. కుక్క రెండో వారానికే హుషారుగా తిరిగినా మధ్యలో ఆపకూడదు. ఇంట్లో ఉన్న ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేస్తే రక్తస్రావం ముదురుతుంది. ఒంటి మీద పిడుదు దొరకలేదన్న ధైర్యమూ పనికిరాదు: రక్తం తాగి ఎప్పుడో రాలిపోయిన పిడుదు అంటించిన జబ్బు వారాల తర్వాత, ఒక్కోసారి నెలల తర్వాత బయటపడుతుంది.

గుండ్రటి మచ్చలన్నీ తామర కావు. చీముపొక్కు పగిలాక దాని చుట్టూ పొట్టు వలయంలా లేస్తుంది. చూసినవాళ్లు తామరేనంటారు, కారణం మాత్రం బాక్టీరియా. కుక్కపిల్లల్లో ముఖం మీద, ముందుకాళ్ల మీద వెంట్రుకలు రాలి, దురద పెద్దగా లేకపోతే డెమోడెక్స్ గజ్జిని అనుమానించాలి. దాని పురుగులు వెంట్రుక కుదురులో ఉంటాయి కాబట్టి చర్మాన్ని రక్తం చెమర్చే దాకా గీకి మైక్రోస్కోపు కింద చూస్తారు. మనుషుల తామరకు అమ్మే మిశ్రమం ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అది పూస్తే ఎరుపు తగ్గి మచ్చ నయమైనట్టే కనిపిస్తుంది, లోపల బూజూ పురుగులూ మరింత పెరుగుతాయి. గజ్జికి కిరోసిన్, పాత ఇంజిన్ ఆయిల్ పూసే అలవాటు ఇంకా ఘోరం. కుక్క దాన్ని నాకి విషం మింగుతుంది.

చెవి అంచులు, మోచేతులు పొక్కులు కట్టి, నిద్రపోనివ్వనంత దురద ఉంటే సార్కోప్టిస్ గజ్జి కావచ్చు. చెవి కొనను వేళ్ల మధ్య రుద్దితే వెనక కాలు గోక్కుంటున్నట్టు ఆడడం దాని ఆనవాలు. ఇదీ, తామరా ఇంట్లోవాళ్లకు అంటుతాయి. పిల్లల చేతుల మీద దురద మొదలైతే కుక్కను వేరుగా ఉంచి, ఒకటి రెండు రోజుల్లో డాక్టరుకు చూపించాలి.

చదునుగా, ఏళ్ల తరబడి మారని నల్లమచ్చలతో బెంగ లేదు. ఉబ్బెత్తుగా లేచినవి, పెరిగేవి, పుండు పడేవి, ఒకరోజు ఉబ్బి మర్నాడు తగ్గేవి వేరు. మాస్ట్‌కణాల కణితి మామూలు పులిపిరిలాగే కనిపించగలదు. దాన్ని పిసకకూడదు, డాక్టరు సన్నసూదితో కణాలు తీసి చూస్తేనే తేలుతుంది.

ఆసుపత్రికి వెళ్లే ముందు స్నానం చేయించకూడదు, పసుపు గానీ వేపనూనె గానీ పూయకూడదు. పరీక్షకు కావలసిన పొట్టూ చీమూ వాటితోనే పోతాయి. మచ్చ మొదలైన తేదీ, రోజుకో ఫొటో, పిడుదులకు వాడిన మందు పేరు వెంట తీసుకెళ్తే చాలు.