కడుగు, కడుక్కో, కడిగించు: పసిపిల్లల విరేచనాలు, అమ్మ చేతులు

ఈ వారం పాఠంలో రెండు పనులు ఉన్నాయి. "కడుగు" అనే చిన్న క్రియ ఎన్ని రూపాలు మారుతుందో చూద్దాం. అలాగే ఇంట్లో పసిబిడ్డకు నీళ్ల విరేచనాలు పట్టుకుంటే ఏం చెయ్యాలో, అసలు రాకుండా ఏం చెయ్యాలో తెలుగులో చదివి, తెలుగులో చెప్పడం నేర్చుకుందాం. పెద్ద పిల్లలు సొంతంగా చదవండి. చిన్నవాళ్లకు అమ్మగానీ నాన్నగానీ చదివి వినిపించండి.

ఇలాంటి విషయం తెలుగులో ఎందుకు అంటారేమో. జుఫైర్‌లో డాక్టరుగారితో మనం ఇంగ్లీషులో మాట్లాడతాం. కానీ డాక్టరు దగ్గరికి వెళ్లేముందే ఊళ్లో ఉన్న అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ వెళ్తుంది. ఆ ఫోన్లో నడిచేది తెలుగే. సలహా మంచిదో కాదో తేల్చుకోవాలంటే ముందు మాట అర్థం కావాలి కదా.

చదవండి

అమ్మ: అమ్మా, బాబుకి పొద్దుట్నుంచి నాలుగుసార్లు మోషన్స్ అయ్యాయే. నీళ్లలాగా అవుతున్నాయి.
అమ్మమ్మ: అయ్యో, పళ్లొస్తున్నాయేమోనే. ఇవాళ్టికి పాలూ నీళ్లూ ఆపెయ్యి. లంఖణం పరమౌషధం అన్నారు. అదే కట్టుకుంటుంది.
అమ్మ: పసివాడికి లంఖణం ఏంటమ్మా! పోతున్న నీళ్లు మళ్లీ లోపలికి వెళ్లాలి. పాలు ఆపకుండా ఓఆర్ఎస్ పట్టమన్నారు డాక్టరుగారు.
అమ్మమ్మ: అలాగైతే గంజిలో ఉప్పేసి పట్టు. పల్చటి మజ్జిగ పట్టు. మేం అవే పట్టేవాళ్లం.
అమ్మ: అదిగో, అది మంచి మాట.
పాప: అమ్మమ్మా, నేను తమ్ముణ్ణి ఎత్తుకోనా?
అమ్మమ్మ: ముందు చేతులు కడుక్కో బంగారం, తర్వాత ఎత్తుకుందువుగాని.

మాటల సంగతి

"పట్టు" అంటే పట్టుకోవడం ఒక్కటే కాదు. పసిబిడ్డకు పాలు పడతాం, గంజి పడతాం, మందు పడతాం. పెద్దవాళ్లకు మాత్రం పట్టం, ఇస్తాం. "కట్టుకుంటుంది" అంటే ఇక్కడ విరేచనాలు ఆగుతాయని అర్థం. విరేచనాలు, భేదులు, అతిసారం అన్నీ ఒక దాని పేర్లే. అతిసారం పుస్తకాల్లో కనిపిస్తుంది, భేదులు పల్లెల్లో వినిపిస్తుంది. ఇళ్లలో ఇప్పుడు ఎక్కువగా వినేది మోషన్స్. అది ఇంగ్లీషు మాట అయినా ఇంగ్లీషువాళ్లు ఆ అర్థంలో అలా వాడరు. కాబట్టి దాన్ని కూడా తెలుగు మాట అనే అనుకోవచ్చు!

ఇక క్రియకి వద్దాం. గిన్నె కడుగు. చేతులు కడుక్కో. మొదటిదాంట్లో పని వేరే వస్తువు మీద, రెండోదాంట్లో పని మన మీదే. అందుకే చివర "కో" చేరింది. తుడు, తుడుచుకో, దువ్వు, దువ్వుకో అనేవి కూడా ఇలాంటివే. ఇంకొకళ్ల చేత చేయిస్తే "ఇంచు" చేరుతుంది: కడిగించు, తాగించు, తినిపించు. ఇంకో విశేషం ఉంది. "బాబుకి కడిగావా?" అని అమ్మమ్మ అడిగితే ఏం కడగడమో చెప్పకపోయినా ఇంట్లో అందరికీ తెలుసు. దొడ్డికి వెళ్లాక కడగడం అన్నమాట. ఆ తర్వాత అమ్మ చెయ్యాల్సిన పని "కో"తో ఉంటుంది. బాబుకి కడిగిన అమ్మ తన చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

సబ్బు అనే మాట దగ్గర కాస్త ఆగుతాను. మన ఇళ్లలో శుభ్రం తెలియనివాళ్లు లేరు. మడి, ఎంగిలి, బయటి కాళ్లు అని ఎన్నో పట్టింపులు మనకు. అయితే చాలాసార్లు చేతి మీద నీళ్లు పోసుకుంటే కడుక్కున్నట్టే అనుకుంటాం. కంటికి కనపడని క్రిములు, చేతికి అంటిన జిడ్డు ఉత్త నీళ్లకు సరిగ్గా పోవు. సబ్బు రాసి, వేళ్ల సందులు, గోళ్ల కింద రుద్ది, ఇరవై లెక్కపెట్టాలి. ఎప్పుడెప్పుడు అంటే వంటకు ముందు, బిడ్డకు తినిపించేముందు, మనం తినేముందు, బాత్రూముకి వెళ్లొచ్చాక, బాబుకి కడిగాక లేదా డైపర్ మార్చాక. డైపర్ కాలంలో ఈ చివరిదే ఎక్కువ తప్పిపోతుంది, ఎందుకంటే చెయ్యి తడవదు కదా.

జుఫైర్ ఇళ్లలో ఇంకో రెండు చూసుకోవాలి. ఎండాకాలం ఇక్కడ నలభై డిగ్రీలు దాటుతుంది. పొద్దున వండిన అన్నం, పప్పు బయట ఉంచితే రెండు గంటలకు మించి నమ్మకూడదు, ఏసీ లేని గదిలో అయితే గంట. ఫ్రిజ్‌లోది తీసి పిల్లలకు పెట్టేటప్పుడు పొగలు వచ్చేదాకా కాచి చల్లార్చాలి, గోరువెచ్చ చేస్తే చాలదు. రెండోది నీళ్లు. బిల్డింగ్ పైన ట్యాంకులోంచి వచ్చే నీళ్లు తాగకుండా పెద్ద బాటిల్ తెప్పించుకునే ఇళ్లే ఎక్కువ. బాటిల్ నీళ్లు శుభ్రంగానే ఉంటాయి గాని, దాన్ని బోర్లించే డిస్పెన్సర్‌ని లోపల ఎవరైనా కడుగుతున్నారా? (ఇక్కడ "కడుగు"కి "కో" ఎందుకు చేరలేదో చెప్పండి.)

పాలసీసా కూడా అంతే. పీక సందుల్లో పాలు నిలిచి పులుస్తాయి. అమ్మమ్మల కాలం నాటి ఉగ్గుగిన్నె, చెంచా కడగడం ఎంతో తేలిక. గిన్నె మంచిదని మాత్రం అన్ని ఉగ్గులూ మంచివి అనుకోకండి. ఆరు నెలలు నిండేదాకా అమ్మపాలే చాలు, మంచినీళ్లు కూడా అక్కర్లేదు. ఏడాది లోపు బిడ్డకు తేనె అస్సలు నాకించకూడదు.

ఓఆర్ఎస్ కథ

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన లక్షలమందిలో కలరా పుట్టింది. పశ్చిమ బెంగాల్‌లో బనగావ్ అనే సరిహద్దు ఊళ్లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ దగ్గర సెలైన్ అయిపోయింది. ఆయన ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీళ్లలో కలిపి డ్రమ్ముల్లో పోయించారు. కప్పులతో పట్టింది ఎక్కువగా రోగుల ఇంటివాళ్లే. నూటికి 30 దాకా ఉన్న మరణాలు 4 లోపుకి దిగాయి. కిటుకు పేగులో ఉంది. ఉప్పు, చక్కెర సరైన పాళ్లలో కలిసి వెళ్తే పేగు రెండింటినీ జతగా పీల్చుకుంటుంది, వాటి వెంట నీళ్లూ వెళ్తాయి. విరేచనాలప్పుడు కూడా ఈ దారి మూసుకుపోదు.

పాళ్లు తప్పితే మేలు జరగదు. చక్కెర ఎక్కువైతే అది నీళ్లను తిరిగి పేగులోకి లాగుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడింది దీని గురించే. ఓఆర్ఎస్ అని పేరు పెట్టి తియ్యటి డ్రింకులు అమ్ముతున్నారని ఆవిడ అభ్యంతరం. 2025 అక్టోబర్‌లో భారతదేశపు ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి డ్రింకుల మీద ఆ పేరు ఉండకూడదని ఆదేశించింది. మన కింద కోల్డ్ స్టోర్‌లో దొరికే జ్యూసులు, ఎనర్జీ డ్రింకులు కూడా ఓఆర్ఎస్ కాదు. ఫార్మసీలో పొట్లం అడగండి. పొట్లం మీద లీటరు అంటే లీటరే, గ్లాసులో సగం పొడి వేసి అందాజుగా కలపకండి. పొట్లం దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీళ్లకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలవాలి. కలిపింది ఇరవైనాలుగు గంటల తర్వాత పారబొయ్యాలి.

రెండేళ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పెద్దపిల్లలకు దానికి రెట్టింపు. చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి ఇంకా నెమ్మదిగా పట్టాలి. తిండి ఆపకూడదు. జింకు పది పద్నాలుగు రోజులు డాక్టరు ఇస్తారు, విరేచనాలు తగ్గాయని మధ్యలో మానకండి. పెద్దవాళ్లు వేసుకునే మోషన్స్ ఆపే మాత్ర పిల్లలకు వద్దు.

రక్తం పడినా, కళ్లు గుంటలు పడినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, ఆరేడు గంటలుగా ఉచ్చ పోయకపోయినా, మాడు లోపలికి దిగినా, బిడ్డ తాగలేక మగతగా ఉన్నా ఫోన్లు పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి. ఆరు నెలల లోపు బిడ్డ అయితే ఇవేవీ కనిపించేదాకా ఆగొద్దు.

మాడు అంటే పసిబిడ్డ నడినెత్తి మీద మెత్తగా ఉండే చోటు. "పళ్లొస్తున్నాయి", "మాడు పడింది" అనే మాటలు పెద్దవాళ్ల నోట తరచూ వింటారు. పళ్లు రావడం వల్ల నీళ్ల విరేచనాలు రావు, ఆ వయసులో దొరికిందల్లా నోట్లో పెట్టుకోవడం వల్ల వస్తాయి. మాడు దిగడం మాత్రం నిజమైన గుర్తు. ఒంట్లో నీళ్లు తగ్గాయని అర్థం. పెద్దవాళ్లు చూసింది సరిగ్గానే చూశారు, కారణం దగ్గరే తేడా.

అభ్యాసం

1. ఖాళీలు పూరించండి: అమ్మ బాబుకి ______ (కడుగు), తర్వాత చేతులు ______ (కడుక్కో). నాన్న పాప చేత బొమ్మలు ______ (కడిగించు).
2. సంభాషణలో అమ్మమ్మ చెప్పినవాటిలో ఏవి పాటించాలి, ఏది పాటించకూడదు? కారణం రెండు వాక్యాల్లో రాయండి.
3. ఈ శుక్రవారం అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ చేసి, వాళ్ల ఇంట్లో పసిపిల్లలకు విరేచనాలైతే ఏం పట్టేవాళ్లో అడగండి. వాళ్లు అన్న మాటలు అన్నట్టే, వాళ్ల యాసలోనే రాసుకురండి.