పిల్లి ముఖము వాచినప్పుడు

రాత్రివేళ ఇంటికప్పుపై రెండు గండుపిల్లులు కలహించు ధ్వనిని మీరు వినియే యుందురు. ఆ కలహము కొలది నిమిషములలో ముగియును. మరునాడు మన పిల్లి యథాప్రకారము పాలకు వచ్చును. దేహముపై గాయమేమియు కనబడదు. రెండు మూడు దినములు గడచిన పిమ్మట దాని చెక్కిలి యొక ప్రక్క ఉబ్బును; కన్ను సగము మూతపడును; ముట్టబోయినచో గుర్రుమనును. తేనెటీగ కుట్టినదేమో యని ఇంటివారు తలంతురు. కొన్ని సమయములలో అది నిజమే కావచ్చును. కాని వీధులలో తిరుగు పిల్లులకు ఇట్టి వాపు తరచుగా మరియొక పిల్లి కోరవలన కలుగును.

కుక్క కరచిన చర్మము చీలును. పిల్లికోర సన్నని సూదివంటిది. అది చిన్న రంధ్రమును మాత్రమే చేయును. ఆ రంధ్రము త్వరలోనే పైకి పూడిపోవును. కాని కోరతోపాటు లోనికి చొచ్చిన సూక్ష్మజీవులు అచ్చటనే చిక్కుకొని వృద్ధిపొందును. వానిలో ముఖ్యమైనదానికి పాశ్చరెల్లా యని పేరు. లూయీ పాశ్చరు (1822–1895) అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుని స్మరించుచు పెట్టిన పేరది. రక్తములోని తెల్లకణములు ఆ సూక్ష్మజీవులతో పోరి నశింపగా చీము ఏర్పడును. బయటికి దారి లేకపోవుటచే అది గడ్డయై బాధించును, జ్వరమును వచ్చును. పిల్లి శరీరోష్ణము ఆరోగ్యదశలోనే సుమారు 38 నుండి 39 డిగ్రీల సెంటిగ్రేడు ఉండును. కావున మన చేతికి అది ఎల్లప్పుడును వెచ్చగానే తోచును. తిండి మానుట, మూలలో నొదిగియుండుట అంతకంటె నమ్మదగిన గుర్తులు.

కంటిక్రింద మాత్రమే వాచినచో పైదవడ పంటివేరు చెడియుండవచ్చును. అకస్మాత్తుగా ముఖమంతయు వాచినచో విషపురుగు కాటును శంకింపవలెను. వీనిని నిర్ణయింపవలసినది పశువైద్యుడే.

మా వీధిలో నొక బాలుడు తన పిల్లి బాధ చూడలేక, తనకు జ్వరము వచ్చినప్పుడు తల్లి యిచ్చు పారాసెటమాలు మాత్రను పాలలో కలిపి పట్టబోయెను. తల్లి చూచి వారించుటచే ఆ పిల్లి బ్రదికినది. మన కాలేయము ఆ మందును హానిలేని పదార్థముగ మార్చి బయటికి పంపగలదు. పిల్లి కాలేయమునకు ఆ శక్తి మిక్కిలి తక్కువ. ఒక్క మాత్రయే దాని ప్రాణము తీయవచ్చును. దానివలన రక్తము ప్రాణవాయువును మోయజాలదు. చిగుళ్ళు గోధుమరంగునకు తిరుగును. ముఖమును, పాదములును వాచును. వాపు పోవుటకని యిచ్చిన మందే వాపును తెచ్చుట ఎంత విపరీతము! ఫినాయిలు వంటి ద్రవములను గాయమునకు పూయుటయు నిట్టిదే. పూసినదానినెల్ల పిల్లి నాకును గదా!

గడ్డను పిసుకరాదు. పిసికినచో చీము లోలోపలికి వ్యాపించును. ఒక్కొక్కప్పుడు అది తానే పగిలి దుర్గంధముగల చీము కారును. పీడ విరగడయైనదని ఇంటివారు సంతోషింతురు. కాని పైచర్మము మరల మూసికొని లోపల చీము నిండుట కలదు. అట్లు పగిలినప్పుడు, కాచి చల్లార్చిన అరలీటరు నీటిలో ఒక చెంచాడు ఉప్పు కలిపి, శుభ్రమైన గుడ్డతో మెల్లగా తుడిచి, వైద్యశాలకు తీసికొనిపోవలెను. వైద్యుడు గడ్డను కోసి, చీము తీసి, కడిగి, మందులిచ్చును. వాపు తగ్గినదని ఆ మందులను నడుమ మానరాదు. పుండుపై ఈగలు వ్రాలి పురుగులు పడినచో ఒక్క పూటయైనను ఆలస్యము తగదు. రెండు మూడు దినములు ఏమియు తినని పిల్లికి, విశేషముగ బలిసినదానికి, కాలేయములో క్రొవ్వు పేరుకొని కొత్త వ్యాధి పుట్టవచ్చును. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనుట యన నిదియే.

బాధలోనున్న పిల్లి యజమానినైనను కరచును. దానిని దళసరి తువాలులో చుట్టి పట్టుకొనవలెను. కరచినచో, గీరినచో, ఆ చోటును సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆ దినమే వైద్యునికి చూపవలెను. పిల్లికాటువలనను రేబిస్ వ్యాధి రావచ్చును. పిల్లికిని ఏటేట వైద్యుడు చెప్పిన ప్రకారము ఆ టీకా వేయింపవలెను. బీజములు తీయించిన గండుపిల్లి రాత్రులందు అంతగా తిరుగదు, అంతగా పోరాడదు. గాయము మానిన తరువాత ఆ సంగతియు వైద్యునితో ముచ్చటించుట మంచిది.