కలివికోడిని గుర్తించుట ఎట్లు?

ఒక వేసవి ఉదయము వేంసూరు దగ్గర దుక్కి చేలో ఒక రైతు సోదరుడు నన్ను ఆపి, "సారూ, అందరూ వెదుకుతున్న కలివికోడి ఇదేనా?" అని వేలు చూపినారు. సన్నని తెల్లని కాళ్లతో ఒక పిట్ట గబగబ పరుగెత్తుట, ఆగుట, పురుగును పొడుచుట, మరల పరుగెత్తుట చేయుచున్నది. అది కలివికోడి కాదు, ఎర్ర చితవ. అయినను ఆయన అడిగిన ప్రశ్న మంచిదే. ఈ రెండింటికి గల తేడాను మన ప్రాంతపు రైతులు, గ్రామాధికారులు తెలిసికొనుట ఎందుకు అవసరమో ఈ పాఠములో వివరించెదము.

కలివికోడి ప్రపంచములో మరెక్కడను లేదు. 1848లో ఆంగ్ల వైద్యుడు జెర్డన్ ద్వారా శాస్త్రజ్ఞులకు తెలిసినది. ఆయన వ్రాసికొన్న తెలుగు పేరు "అడవ ఉటతిత్తి". ఆ శతాబ్దపు రెండవ సగములో బ్లాన్‌ఫోర్డ్ అను శాస్త్రజ్ఞుడు గోదావరి లోయలో సిరొంచ, భద్రాచలం పరిసరములలో దీనిని చూచినాడు. కనుక ఇది కడప పిట్ట మాత్రమే కాదు, ఒకప్పుడు మన పొరుగు పిట్ట కూడ. 1900లో అనంతపురం దగ్గర కనబడిన తరువాత 86 సంవత్సరములు దీని జాడ లేదు. అంతరించినదనియే తలచినారు.

1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఇది మరల దొరకినది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము వారు వెదకుచుండగా, ఆ ఊరి వేటగాడొకడు రాత్రి దీపపు వెలుగులో దీనిని పట్టుకొన్నాడు. పండితులకు దొరకనిది పల్లెవానికి దొరకినది. కాని పట్టుబడిన ఆ పిట్ట బ్రతుకలేదు. ఈ రెండు సంగతులను గుర్తుంచుకొనవలెను. 1988లో అచ్చట శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. తరువాత తెలుగు గంగ కాలువ దారిని సైతము ఈ పిట్ట నివాసము కొరకు మార్చవలసి వచ్చినది. 2009 తరువాత మరల చాల కాలము జాడ లేక, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో దీని కూతను పక్షి పరిశీలకులు రికార్డు చేసినారు.

ఇక గుర్తులు చూడుడు.

1. కలివికోడి: సుమారు 11 అంగుళముల పిట్ట. ఎదపై అడ్డముగా రెండు గోధుమరంగు పట్టీలు, వాటి నడుమ తెల్లని పట్టీ ఉండును. ఇదియే ముఖ్యమైన గుర్తు. గొంతు దిగువ ఇటుక రంగు మచ్చ, కంటిపై వెడల్పైన లేత రంగు చార, పెద్ద కన్నులు, పసుపు మొదలు నల్లని కొన గల ముక్కు. పొట్ట తెలుపు.

2. ఎర్ర చితవ: ఎద అంతయు ఇటుక ఎరుపు, పట్టీలుండవు. పొట్టపై నల్లని మచ్చ ఉండును. కంటి మీదుగా నల్లని గీత, దానిపై తెల్లని గీత. పగటిపూట బీళ్లలో, దుక్కి చేలలో తిరుగును.

3. తీతువులు: ముక్కు మొదట చర్మపు తిత్తి ఉండును. ఒక జాతికి అది ఎరుపు, మరొక జాతికి పసుపు. కలివికోడికి తిత్తి ఉండదు. ఎర్ర తిత్తి తీతువు రాత్రులందు కూడ అరచును గనుక, రాత్రి కూత విన్నంత మాత్రమున కలివికోడి అనరాదు.

4. పెద్ద కన్నుల మరొక రాత్రి పిట్ట కలదు. అది కోడిపెట్టకు దగ్గరగా, సుమారు 16 అంగుళములుండును. ఒంటినిండ సన్నని చారలేగాని ఎదపై పట్టీలు లేవు. కన్ను పసుపు.

చోటు, వేళ కూడ గుర్తులే. కలివికోడి పగలు పొదల నీడన కదలక ఉండును. చీకటి పడిన తరువాత మేతకు వచ్చును. ప్రొద్దు గ్రుంకి బాగుగా మసక పడిన వేళ కొద్ది నిమిషములు "ట్విక్-టూ, ట్విక్-టూ" అని రెండు తునకలుగా కూయును. కలివి మొదలగు ముండ్ల పొదలు, వాటి నడుమ ఖాళీ నేల గల చోటు దానికి కావలెను. పొదలు పూర్తిగా కొట్టివేసిన నేలలోను, సందులేని చిక్కని అడవిలోను అది ఉండదు. కడపలో పరిశీలించినవారు హెక్టారుకు 300 నుండి 700 వరకు పెద్ద పొదలున్న నేల దీనికి అనువైనదని తేల్చినారు. మితమైన మేపు వలన నేల ఖాళీగా ఉండి మేలే జరుగును. హాని చేయునది యంత్రముతో చదును చేయుట. ఆయిల్ పామ్, జామాయిల్ తోటలకు అనువని రాతి పొదల నేలను "ఎందుకూ పనికిరాని బీడు" అని చదును చేయించు ముందు ఒకసారి ఆలోచింపవలెను. ఈ పిట్ట తినునది ముఖ్యముగా చెదలు, చీమలు. రైతుకు దీని వలన నష్టము లేదు.

కనబడినదని తోచినచో చేయవలసినది ఇది. పట్టరాదు, ఉచ్చు పన్నరాదు, రాయి విసరరాదు. ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972 లోని మొదటి షెడ్యూలులో చేరిన పిట్ట. ఎదపై పట్టీలెన్ని, తిత్తి ఉన్నదా లేదా, వేళ ఏది, ఏ పొదల దగ్గర అను నాలుగు సంగతులు వ్రాసికొనవలెను. దూరము నుండి ఫోనులో కూతను గాని బొమ్మను గాని తీసి, మీ బీటు అటవీ అధికారికి తెలుపవలెను. పంచాయతీ కార్యదర్శులు అట్టి సమాచారమును నవ్వి త్రోసివేయక తేదీతో నమోదు చేయవలెను.

పది సమాచారములలో పదియు తీతువులే కావచ్చును. చెప్పినవారు సిగ్గుపడనక్కరలేదు. తీతువును తీతువని గుర్తించగల కన్నే, ఒకనాడు కలివికోడి కనబడినచో దానిని కూడ గుర్తించును. రెడ్డిపల్లెలో జరిగినట్లే, మన గోదావరి వైపు అది ఇంకను మిగిలియున్నచో మొదట చూచువాడు రాత్రి నీరు కట్టుటకు చేనికి పోవు రైతే.