హ్యాకింగ్ కోచింగ్ కన్నా ఆడిట్ పని మేలు

సైబర్ సెక్యూరిటీ అనగానే హ్యాకింగే అనుకునే తల్లిదండ్రులు చాలామంది. బీటెక్ మూడో ఏడాది పిల్లల్ని సెమిస్టర్ పరీక్షల మధ్యలోనే ఎథికల్ హ్యాకింగ్ కోచింగ్‌కు తరుముతున్నారు. అలాంటి చాలా కోర్సుల్లో కాలీ లైనక్స్‌లో నాలుగు టూల్స్ నడపడం నేర్పి, చేతిలో ఒక సర్టిఫికెట్ పెడతారు. ఆ టూల్ గురిపెట్టిన సర్వర్ లోపల ఏం జరుగుతోందో మాత్రం విద్యార్థికి తెలియదు. పెన్‌టెస్టింగ్ (అనుమతితో చొరబడి లోపాలు వెతకడం) ఉద్యోగాలు లేవని కాదు, వాటికి పునాది ఆపరేటింగ్ సిస్టమ్ మీద పట్టు. ఆ పట్టు సంపాదించినవాళ్లకు ఇంకో మంచి దారి ఉంది, దాని గురించి ఇళ్లలో ఎవరూ మాట్లాడటం లేదు. అదే సిస్టమ్ ఆడిట్లను ఆటోమేట్ చేసే పని.

బ్యాంకులు, చెల్లింపుల కంపెనీలు తమ సర్వర్లు నిబంధనల ప్రకారం ఉన్నాయని రుజువు చూపాలి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటల్లో తెలియజేయాలి. కార్డు చెల్లింపులకు పీసీఐ డీఎస్ఎస్ అనే భద్రతా ప్రమాణం ఉంది, సర్వర్ సెట్టింగులకు సీఐఎస్ బెంచ్‌మార్కులు ఉన్నాయి. వందల సర్వర్లను మనిషి ఒక్కొక్కటీ తెరిచి చూడలేడు కనుక చెఫ్ ఇన్‌స్పెక్, ఓపెన్‌స్కాప్, లినిస్ లాంటి టూల్స్ వాడతారు. ఈ ఆడిట్లలో చాలా తనిఖీలు షెల్ కమాండ్ నడిపి, వచ్చిన జవాబు సరైనదో కాదో తేల్చేవే.

తేల్చడంలోనే ఉంది కష్టమంతా. రూట్ యూజర్ నేరుగా లాగిన్ కాకూడదన్న నియమాన్నే తీసుకోండి. ఎస్ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్‌లో ‘పర్మిట్‌రూట్‌లాగిన్ నో’ ఉందేమో గ్రెప్ అనే కమాండ్‌తో వెతికితే చాలని కొత్తవాళ్లు అనుకుంటారు. ఆ లైను ముందు హ్యాష్ గుర్తు ఉంటే అది ఉత్త కామెంటు. అయినా గ్రెప్‌కు దొరుకుతుంది, టెస్ట్ పాసవుతుంది. ముందుగా చదివే ఇంకో ఫైల్‌లో ‘యెస్’ అని ఉంటే సర్వర్ పాటించేది దాన్నే. అందుకే ఫైల్‌ను వెతకడం మాని, ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ప్రోగ్రామ్ ‘ఎస్ఎస్‌హెచ్‌డీ’కి పెద్ద అక్షరం ‘టీ’ ఆప్షన్ ఇచ్చి, అమల్లోకి వచ్చే సెట్టింగ్ ఏదో దాన్నే అడగాలి. ఆ కమాండ్‌ను రూట్ అనుమతి లేకుండా నడిపితే సాధారణంగా విఫలమై, స్టాండర్డ్ అవుట్‌పుట్ ఖాళీగా వస్తుంది. టెస్ట్‌లో ‘యెస్ అని ఉండకూడదు’ అని మాత్రమే రాసి ఉంటే, ఖాళీ జవాబులో యెస్ ఎక్కడుంటుంది? రిపోర్టులో పాస్ అని పడుతుంది, రూట్ లాగిన్ తెరిచే ఉంటుంది. కాబట్టి కమాండ్ సఫలమైందో లేదో చెప్పే ఎగ్జిట్ స్టేటస్ సున్నా అవునో కాదో ముందు చూడాలి, ఆ తర్వాత ‘నో’ అన్న జవాబు నిజంగా వచ్చిందా అని చూడాలి. ఆ స్టేటస్‌ను చదవడమూ తెలియాలి. 127 అంటే కమాండే దొరకలేదని. గ్రెప్ 1 ఇస్తే వెతికినది లేదని, 2 ఇస్తే వెతకడంలోనే ఏదో లోపం జరిగిందని. బ్యాష్‌లో కమాండ్లను పైపుతో కలిపినప్పుడు పైప్‌ఫెయిల్ పెట్టకపోతే చివరిదాని స్టేటసే బయటికొస్తుంది, మొదటిది విఫలమైనా తెలియదు.

ఇలా అనుమానించి చూసే అలవాటు నలభై రోజుల క్రాష్ కోర్సులో రాదు, దానికోసం అప్పు చేయాల్సిన పనీ లేదు. పాత ల్యాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషీన్ చాలు. లైనక్స్ ఉచితం, ఓపెన్‌స్కాప్, లినిస్ ఓపెన్ సోర్స్. సెట్టింగును కావాలని చెడగొట్టి, తాను రాసిన టెస్ట్ దాన్ని పట్టుకుంటుందో లేదో చూసుకోవడమే అసలు సాధన. ఫెయిల్ కావడం ఒక్కసారి కూడా చూడని టెస్ట్‌ను నమ్మకూడదు. డబ్బు పెట్టగలిగితే రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్షకు నా ఓటు. అందులో ఆబ్జెక్టివ్ ప్రశ్నలు ఉండవు, మెషీన్ మీద పని చేసి చూపాల్సిందే. ‘ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ అని ముందే ఫీజంతా కట్టించుకునేవాళ్లకు, లేని అనుభవాన్ని కాగితాల మీద సృష్టించి ఇచ్చే కన్సల్టెన్సీలకు దూరంగా ఉండండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఆ అబద్ధం బయటపడితే ఉద్యోగం పోతుంది. నిబంధనలకు కాపలా కాసే రంగంలో ఆ మచ్చ త్వరగా చెరగదు.

ఈ దారిలోకి రావడానికి చదువు బీటెక్, బీఎస్సీ కంప్యూటర్స్, బీసీఏ ఏదైనా సరే.

సర్వర్ల పని చిన్న ఉద్యోగమనీ, నైట్ షిఫ్టులనీ పెద్దలు అంటారు. కొన్నిచోట్ల మొదట్లో షిఫ్టులు నిజమే. ఆ షిఫ్టుల్లో సర్వర్లు ఎలా చెడతాయో చూసినవాడికే ఏ టెస్ట్ ఎక్కడ మోసపోతుందో అర్థమవుతుంది. ఏఐ ఈ టెస్టులు రాసేస్తుంది కదా అన్నది రెండో మాట. రాస్తుంది, పైన చెప్పిన గ్రెప్ తప్పుతో కూడా రాయగలదు. పాస్ అన్న ఫలితం మీద సంతకం పెట్టేది మనిషే గనుక, ఆ తప్పు పట్టగలవాడి అవసరం పోదు. రెండో ఏడాదిలో మొదలుపెట్టి రోజూ ఒక గంట కేటాయిస్తే, మూడో ఏడాది ముగిసేలోగా సీఐఎస్ బెంచ్‌మార్క్‌లోని ఇరవై నియమాలకు సొంతంగా టెస్టులు రాసి గిట్‌హబ్‌లో పెట్టవచ్చు. ప్రతి టెస్ట్ పక్కన, అది ఏయే పరిస్థితుల్లో ఫెయిలవుతుందో రెండు లైన్లు రాయమనండి. ఇంటర్వ్యూలో మాట్లాడటానికి అవి చాలు. ఆ గంటసేపు మార్కుల గురించి, పక్కింటి అబ్బాయి ప్యాకేజీ గురించి ఎత్తకుండా ఉండటం తల్లిదండ్రుల వంతు.