ప్రశ్నలు - జవాబులు: లాగిన్ అయిన వ్యక్తియు, పరీక్షయు

ప్రశ్న: అయ్యా, నేను శాంటా క్లారాలో టెస్టింగ్ ఉద్యోగము చేయుచున్నాను. మా వెబ్ అప్లికేషన్‌లో ప్రతి పేజీయు లాగిన్ అయిన వ్యక్తిని బట్టి మారును. ప్రతి పరీక్షకు ముందు లాగిన్ కావలసివచ్చి కాలహరణ మగుచున్నందున, లాగిన్‌ను తీసివేసి పరీక్షింపుమని మా మేనేజరు గారనుచున్నారు. ఇది సమ్మతమేనా?

జవాబు: అమ్మా, లాగిన్ తెరను దాటవేయుట వేరు, లాగిన్ అయిన వ్యక్తినే తొలగించుట వేరు, మొదటిది చేయవచ్చును, రెండవది కూడదు. ఒకప్పుడు మీ ఊరిలోనే ప్రధాన కార్యాలయము కలిగియుండిన సన్ మైక్రోసిస్టమ్స్ వారి జావా సర్వ్‌లెట్ పద్ధతిలో, వచ్చినవారెవరో తెలుపుటకు గెట్‌యూజర్‌ప్రిన్సిపల్, వారికి ఫలానా రోల్ కలదో లేదో తెలుపుటకు ఈజ్‌యూజర్‌ఇన్‌రోల్ అను మెథడ్‌లు కలవు. మీ ప్రోగ్రాము వీని మూలముననే మనిషిని గుర్తించుచున్నచో, ఆ స్థానమున ఒక కల్పిత యూజర్‌ను నిలిపి వేగముగా పరీక్షింపవచ్చును. స్ప్రింగ్ సెక్యూరిటీ అను జావా భద్రతా ఉపకరణములో విత్‌మాక్‌యూజర్ చేయు పని యిదియే. అయినను సెషన్ గడువు తీరుట, లాగౌట్ పిమ్మట వెనుకటి పేజీ తెరచుకొనుట వంటి వానికి నిజమైన లాగిన్‌తో కొన్ని పరీక్షలు ఉండియే తీరవలెను.

అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. అర్హుడైనవానికి పేజీ తెరచుకొన్నదా యని మనము శ్రద్ధతో చూతుము గాని, అనర్హునికి మూసికొన్నదా యని చూచుట అరుదు. 2011లో సిటీగ్రూప్ క్రెడిట్ కార్డుల వెబ్‌సైటులో లాగిన్ అయిన దుండగులు బ్రౌజర్ చిరునామాలోని ఖాతా సంఖ్యను మార్చుచుపోయి, 3,60,000కు మించిన ఖాతాల వివరములను అపహరించిరి. అచట లాగిన్ చెడలేదు, ఈ ఖాతా ఈ వ్యక్తిదేనా యని లాగిన్ పిమ్మట అడుగవలసిన ప్రశ్నయే అడుగబడలేదు. వెబ్ అప్లికేషన్ల భద్రతాలోపములను గూర్చి ఓవాస్ప్ సంస్థ ప్రకటించిన 2021 నాటి జాబితాలో ఈ జాతి దోషమునకే ప్రథమ స్థానము లభించినది. కావున ఒకే రోల్ గల ఇద్దరు ఖాతాదారులను సృష్టించి, ఒకరి సెషన్‌తో రెండవవారి సంఖ్యను అడిగి చూడుము. బటన్ కనబడకుండుట చాలదు, రిక్వెస్టును నేరుగా సర్వరునకే పంపవలెను. నిరాకరణ వచ్చిన పిమ్మట డేటాబేస్‌లో ఏదియు మారలేదని కూడ నిశ్చయించుకొనవలెను.

ప్రశ్న: పరీక్షలకు నిజమైన ఖాతాదారుల పాస్‌వర్డ్‌లు వాడవచ్చునా?

జవాబు: ఎంతమాత్రమును వాడరాదు. పరీక్షకై సృష్టించిన ఖాతాలు చాలును. అవియు, లాగిన్‌ను దాటవేయు ఏర్పాటును, ప్రజలు వాడు సర్వరుపై ఉండరాదు.