అంగడి గడప దాటని వీడియో

చేతిఫోనునకు యాప్‌లను నిర్మించు విద్యార్థులు మన బొగ్గుగనుల ప్రాంతమునను కలరు. తెలుగు ఉపన్యాసకులమగుటచే మమ్ము వారు తెరపై నుంచవలసిన మాటలకొఱకే సంప్రదింతురు. కాని మాటలు కుదిరి, యాప్ కుదిరి, తీరా అంగడికి పంపునప్పుడు, దానిని పరిచయము చేయు చిన్న వీడియో తిరస్కరింపబడుట తఱచుగా జరుగు విషయము. ఆ తిరస్కృతిని చదువుటయు ఒక విధమైన పఠనమే యని తలచి, ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

కాసిపేట విద్యార్థిని యొకతె పిల్లలకు తెలుగు, ఉర్దూ అక్షరములను నేర్పు యాప్ చేసినదనుకొందము. ఆపిల్ అంగడిలో సభ్యత్వమునకు ఏటేటా 99 డాలర్లు, గూగుల్ ప్లేలో ఒకేమారు 25 డాలర్లు చెల్లింపవలెను. గనికార్మికుని ఇంట ఇది చిన్న మొత్తము కాదు. అట్టి యామెకు వీడియో తిరిగివచ్చినచో, తన పనియే పనికిరానిదను దిగులు కలుగును. ఆ దిగులునకు ఆధారము లేదు. గని నుండి వచ్చిన బొగ్గు ఎంత మేలిదైనను జల్లెడ కన్నమునకు సరిపడకున్న పైననే నిలిచిపోవును; జల్లెడ బొగ్గు గుణమును విచారింపదు. ఆపిల్ వారి మొదటి పరీక్ష అట్టి జల్లెడయే. అది యంత్రము చేయు పరీక్ష.

ఆ జల్లెడ కొలతలివి. వీడియో 15 సెకండ్లకు తక్కువ, 30 సెకండ్లకు ఎక్కువ కారాదు. పరిమాణము 500 మెగాబైట్లను మించరాదు. సెకండునకు చిత్రములు 30కి లోబడి యుండవలెను. నేటి పెద్ద తెరల ఐఫోనులకు నిలువు వీడియో 886 అడ్డము, 1920 నిలువు చుక్కలుగా నుండవలెను. ఇచట ఒక చమత్కారము కలదు. 1170కి 2532 చుక్కల తెర గల ఫోనులో తీసిన చిత్రమును నిష్పత్తి చెడకుండ 1920కి కుదించినచో అడ్డము 887 వచ్చును. కంటికి కనబడని ఆ యొక్క చుక్కకే యంత్రము తలుపు మూయును. కావున నిష్పత్తిని పట్టుకొని కూర్చుండక, 886 అని నిర్దేశించి కుదింపవలెను.

అన్నిటికంటె ఎక్కువమందిని తికమకపెట్టునది ధ్వని. వీడియోలో ధ్వని చెడినది లేక అంగీకారయోగ్యము కాదని యంత్రము తెలుపును. విద్యార్థిని విస్తుపోవును, ఆమె అసలు ధ్వనియే పెట్టలేదు గదా! చిక్కంతయు అందే యున్నది. యంత్రము వెదకునది శబ్దమును గాదు, శబ్దమునకు ప్రత్యేకించిన పథమును. ఆ పథమే లేనిచో దానిని చెడిన ధ్వనిగా లెక్కించును. మౌనముగా నుండదలచినను ఆ మౌనమును రెండు వాహికల ఏఏసీ ధ్వనిగా, 44.1 లేక 48 కిలోహెర్ట్‌జుల వేగమున నమోదు చేయవలెను. 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ ఆరంభించిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అను ఉచిత సాధనముతో ఈ నిశ్శబ్ద పథమును క్షణములో చేర్పవచ్చును. ఒక్క వాహిక ధ్వనియు ఇట్లే తిరిగిరావచ్చును గనుక దానిని రెండుగా మార్చవలెను.

ఫోను తెరను నమోదు చేయునప్పుడు చిత్రములు సమవేగమున పడవు. తెర కదలినప్పుడు వడిగాను, నిలిచినప్పుడు మెల్లగాను పడును. సెకండునకు 30 చొప్పున స్థిరపఱచినచో ఈ దోషము తీరును. నిడివిని 30 వద్ద గాక 29 సెకండ్లకే కోయుట మేలు. ధ్వని చిన్న చిన్న తునుకలుగా నిలువచేయబడును గనుక, చివరి తునుక హద్దును దాటు ప్రమాదము కలదు. మీడియా ఇన్ఫో వంటి సాధనముతో ఫైలు లక్షణములన్నియు ముందే చూచుకొని, ఒకమారు ఒక్క దోషమునే సవరించి పంపవలెను. నాలుగింటిని కలిపి మార్చినవారికి ఏది రోగమో తెలియదు.

యంత్రమును దాటిన పిదప మనుష్య పరీక్షకుడు చూచును. ఆపిల్ నియమావళిలోని 2.3.4 ప్రకారము వీడియోలో యాప్ తెర నుండి తీసిన దృశ్యములే యుండవలెను. ఫోను పట్టుకొన్న చేయి, తరగతి గది, నవ్వుచున్న పిల్లలు ఎంత ముచ్చటగానున్నను తగవు. వివరణ మాటలను, పైవ్రాతలను చేర్చుటకు మాత్రము అనుమతి కలదు.

గూగుల్ ప్లే మార్గము వేఱు. అచట ఫైలు గాక యూట్యూబ్ లంకె నీయవలెను. అది ఒకే వీడియోకు చెందిన పూర్తి లంకె కావలెను. కుదించినదియు, వీడియోల జాబితాదియు పనికిరావు. వీడియో రహస్యముగా నుండరాదు, వయోనిబంధన యుండరాదు, ప్రకటనలు రారాదు. మనవారు తఱచుగా నేపథ్యమున సినిమా పాటను పెట్టుదురు. మనము ప్రకటనలను ఆపివేసినను పాట హక్కుదారు వలన అవి రావచ్చును. అప్పుడు ఆ వీడియోను మార్చుటయే మార్గము. పాటపై మోజు ఇచట చేటు. తెలుగు పుటకు ఒకటి, ఉర్దూ పుటకు ఒకటి వేర్వేరు వీడియోలు పెట్టు వీలుండుట మాత్రము మన కళాశాల వంటి చోట్లకు మిక్కిలి ప్రయోజనకరము.

ఆపిల్ వారు స్వీకరించిన పిమ్మట వీడియో సిద్ధమగుటకు 24 గంటల వఱకు పట్టవచ్చును. ఆ వేళ ఆత్రమున మరల మరల పంపరాదు. ముఖచిత్రముగా 5వ సెకండు నాటి దృశ్యమును అంగడియే తీసికొనును. దానిని తరువాత మార్చుకొనవచ్చును గాని, ఆ 5వ సెకండున ఖాళీ తెర గాక, ‘అ’ అక్షరమో ‘అలిఫ్’ అక్షరమో కానవచ్చునట్లు ముందే అమర్చుకొనిన ఆ పని తప్పును.