ఎందరిలో నెందరు?

ఒక పాఠశాలలో తొమ్మిదవ తరగతి 'ఎ' విభాగమున 12 మందియు, 'బి' విభాగమున 8 మందియు పరీక్ష తప్పిరనుకొందము. ఏ విభాగము వెనుకబడినది? 'ఎ' విభాగమే యని మీరు వెంటనే చెప్పుదురు. కాని 'ఎ' లో 60 మందియు 'బి' లో 20 మందియు చదువుచున్నారని తెలిసినచో, మొదటిదానిలో నూటికి 20 మందియు రెండవదానిలో నూటికి 40 మందియు తప్పినట్లు తేలును. మన తీర్పు తలక్రిందులగును. తప్పినవారి సంఖ్య మారలేదు; దాని క్రింద నుంచవలసిన సంఖ్య మాత్రమే మనకు ముందు తెలియలేదు. గణాంకశాస్త్రమున మొదటి పాఠ మిదియే: ఏ సంఖ్యను వినినను "ఎందరిలో?" అని యడుగవలెను.

రెండవ ప్రశ్న యింతకంటె కష్టమైనది. మనము పోల్చుచున్న రెండు వర్గములును తక్కిన విషయములలో సమానములేనా? ఈ రెండు ప్రశ్నలను సరిగా నడుగుటచే నెంత ఫలము గలుగునో తెలిసికొనుటకు, 1854వ సంవత్సరమున లండను నగరమున జరిగిన యొక పరిశోధనమును మించిన దృష్టాంతము నాకు గానరాదు.

కలరా యన్న మాట వినినంతనే మన ముత్తాతలు వడకెడివారు. ప్రొద్దుట పొలమునకు బోయినవాడు ప్రొద్దుగ్రుంకునప్పటికి లేకుండుట వారు కన్నులార చూచిన సంగతి. ఆ శతాబ్దమున నీ వ్యాధి లండనును గూడ పలుమారులు పీడించెను. కుళ్లిన పదార్థములనుండి లేచు చెడుగాలియే దీనికి మూలమని అప్పటి వైద్యులలో ననేకులు నమ్మిరి. ఆ నమ్మకమునకు లెక్కల బలము గూడ నుండెను. జననమరణముల లెక్కలు కూర్చు కార్యాలయమున విలియం ఫార్ అను ప్రజ్ఞావంతుడు పనిచేయుచుండెను. ఆయన 1849 నాటి మరణములను పేటపేటకును గణించి, థేమ్సు నదీమట్టమునకు దగ్గరగా నున్న పల్లపు పేటలలో మరణము లెక్కువగాను, ఎత్తు పెరిగినకొలది తక్కువగాను ఉన్నట్లు చూపెను. "ఎందరిలో?" అను ప్రశ్నను ఆయన మరువలేదు, జనసంఖ్యతో భాగించియే చూచెను. పల్లమున చెడుగాలి దట్టముగా నుండుననియు, కావుననే అచట చావు లెక్కువయనియు ఆయన తలచెను.

లెక్క తప్పు కాదు. రెండవ ప్రశ్నయొద్దనే పొరపాటు వచ్చినది. పల్లపు పేటలవారు మిట్టపేటలవారికంటె గాలి విషయముననే కాక నీటి విషయమునను భిన్నులు. నగరపు మురుగు గలిసిన నదీజలము వారి కెక్కువగా చేరుచుండెను. రెండు సంగతులు కలిసి నడచినంతమాత్రమున నొకటి రెండవదానికి కారణము కాజాలదు. ఆ రెంటివెనుక మూడవది దాగియుండవచ్చును.

జాన్ స్నో అను వైద్యుడు 1813లో యార్కు నగరమున నొక కూలివాని యింట జన్మించినవాడు. కలరా విషము నీటిద్వారా కడుపులోనికి బోవునని ఆయన 1849లోనే వ్రాసెను. కాని దానిని రుజువు చేయుట యెట్లు? కొందరికి మంచినీరును, కొందరికి మురుగునీరును త్రాగనిచ్చి చూచుట యే మనుష్యుడును చేయరాని పని. విచిత్రమేమనగా, ఆ పరీక్ష యెవ్వరును తలపెట్టకయే జరిగిపోయినది.

దక్షిణ లండనులోని యనేక వీథులలో రెండు కంపెనీల నీటిగొట్టములు ప్రక్కప్రక్కనే పోవుచుండెను. ఒక యింటికి లాంబెత్ కంపెనీ నీరు. దాని ప్రక్కయింటికి సదర్క్-వాక్స్‌హాల్ కంపెనీ నీరు. 1852లో లాంబెత్ కంపెనీ తాను నీరు తోడు స్థలమును నగరమునకు ఎగువనున్న థేమ్సు డిట్టనునకు మార్చెను. రెండవ కంపెనీ మాత్రము బ్యాటర్సీయొద్ద మురుగు గలిసిన నీటినే తోడుచుండెను. ధనికుల కొకటి, పేదల కొకటి యను భేదము లేదు. ఒకే వీథి, ఒకే గాలి, ఒకే తీరు ఇండ్లు. మూడు లక్షలకు పైబడిన జనులు తమకు తెలియకయే రెండు వర్గములైరి. ఫార్ గారి పల్లము, మిట్ట యను చిక్కు ఇచట లేదు.

స్నో చనిపోయినవారి యిండ్లకు స్వయముగా నడచి పోయెను. తమ యింటికి వచ్చునది యే కంపెనీ నీరో చాలమందికి తెలియదు. అద్దెయిండ్లలో నీటిరుసుము యజమానుడే చెల్లించుచుండెను. అట్టిచోట ఆయన యాయింటి నీటిని సీసాలో పట్టి, సిల్వరు నైట్రేటు కలిపి పరీక్షించెను. బ్యాటర్సీ నీటిలో నుప్పు థేమ్సు డిట్టను నీటిలోకంటె దాదాపు నలువది రెట్లు ఎక్కువ. కావున ఏది యెవరిదో తెలిసిపోవుచుండెను. ఈ పరిశోధన మంతటిలో నాకు మిక్కిలి నచ్చినది యీ సీసాయే. తెలియని గడిని ఊహతో నింపుట యెంత సులభము!

వ్యాధి సోకిన మొదటి ఏడు వారములలో తేలిన లెక్క యిది. సదర్క్-వాక్స్‌హాల్ నీరు పోవు 40,046 ఇండ్లలో 1,263 మరణములు. లాంబెత్ నీరు పోవు 26,107 ఇండ్లలో 98 మరణములు. పదివేల యిండ్లకు చూచినచో మొదటిచోట 315, రెండవచోట 37. ఎనిమిది రెట్లకు మించిన భేదము! ఇచట క్రింద నుంచిన సంఖ్య మనుష్యులది గాక యిండ్లదని గమనింపుడు. ఒక కంపెనీ యిండ్లలో సగటున జనము కొంత హెచ్చుగా నున్నచో ఫలితమును కొంత మారును. కాని ఇంత భేదమును దానిచేత సమర్థింపవలెనన్న ఆ కంపెనీ వారి యిండ్లలో ఎనిమిదింతల జనము క్రిక్కిరిసి యుండవలెను.

ఐనను స్నో పేరు తలచినపుడు లోకము చెప్పుకొను కథ వేరు. ఆ యేడే ఆగస్టు 31వ తేదీ రాత్రి సోహో పేటలోని బ్రాడ్ వీథి పరిసరములలో కలరా చెలరేగి, పది దినములలో ఐదువందలమందికి పైగా బలిగొనెను. స్నో ఆ వీథిలోని చేతిపంపును శంకించెను. చచ్చినవారిని లెక్కించుటతో ఆయన తృప్తినొందలేదు. దగ్గరనుండియు బ్రతికినవారిని, దూరముననుండియు చచ్చినవారిని వెదకెను. సమీపముననున్న పేదలశాలలో 535 మందిలో ఐదుగురే మరణించిరి. ఆ శాలకు సొంత బావి కలదు. అదే వీథిలోని బీరు కర్మశాలలో డెబ్బదిమందికి పైగా పనివారుండగా నొక్కడును చావలేదు. వారు త్రాగునది బీరేగాని పంపునీరు కాదు. దూరముననున్న హాంప్‌స్టెడ్‌లో నొక విధవరాలు కలరాతో మృతినొందెను. ఆమె పూర్వము బ్రాడ్ వీథిలో నివసించినది. ఆ నీటిరుచి మరువలేక దినదినము బండిపై తెప్పించుకొనుచుండెనట!

సెప్టెంబరు 8వ తేదీన పంపు పిడి తీసివేయబడెను, వ్యాధి అణగెను. పిడి తీయుటచేతనే అణగెనని పెక్కు పుస్తకములలో చదువుదుము. కాని అప్పటికే జనులు చాలమంది యిండ్లు విడిచి పారిపోయిరి. మరణములును అంతకుముందే తగ్గుముఖము పట్టెను. ఈ సంగతిని స్నోయే యొప్పుకొనెను. కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు నొక్కసారి జరిగినచో కాకతాళీయమని మన పెద్దలు చెప్పుదురు గదా. తన వాదమునకు అనుకూలించు కాకతాళీయమును గూడ వాడుకొననివాడు స్నో.

ఆ పేటలోనే హెన్రీ వైట్‌హెడ్ అను యౌవనుడైన సహాయ పాదిరి యుండెను. పంపునీటి వాదము తప్పని నిరూపింపవలెననియే ఆయన బయలుదేరి, ఎరిగిన కుటుంబముల నన్నిటిని మరల మరల దర్శించి, చచ్చినవారు త్రాగిరా యనియే కాక, బ్రతికినవారు త్రాగిరా యనియు నడిగెను. లెక్క తన కెదురు తిరుగగా దానినే యంగీకరించెను. అంతియేకాదు, బ్రాడ్ వీథి 40వ నంబరు ఇంట మొదట జబ్బుపడిన యొక పసిబిడ్డ జాడను కనుగొన్నవాడును ఆయనయే. ఆ బిడ్డ పొత్తిగుడ్డలు నానవేసిన నీటిని తల్లి యింటిముందరి మురుగుగుంటలో పోయుచుండెను. గుంటకును పంపుబావికిని నడుమ దూరము మూడడుగులకు లోపే; త్రవ్వి చూడగా ఇటుకలు శిథిలమై యుండెను. ఫార్ గారును 1866 నాటి కలరా లెక్కలతో నీటి వాదమువైపునకే వచ్చెను. స్నో అది చూడలేదు, 1858లోనే గతించెను.

స్నో పట్టికలో మూడవ వరుస యొకటి కలదు. లండనులోని తక్కిన 2,56,423 ఇండ్లలో 1,422 మరణములనియు, పదివేల యిండ్లకు 59 అనియు అచ్చులో నున్నది. కాగితమును పెన్సిలును తీసికొని మీరును భాగించి చూడుడు. నాకు 55 పైచిలుకే వచ్చినది.